హోంవర్క్ యాప్ ఉన్న ఇంట్లో పిల్లల చదువు చెడకుండా చూసుకోవడం ఎలా

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇప్పుడు ఏ ఊరి ఉన్నత పాఠశాలకు వెళ్లినా, పై తరగతుల పిల్లల్లో చాలామందికి లెక్కను ఫొటో తీస్తే జవాబు వస్తుందన్న సంగతి తెలుసు. ఫోన్ వాళ్లది కాకపోవచ్చు, నాయనదో అక్కదో పక్కింటి అన్నదో అయివుంటుంది. అయినా రాత్రి అన్నం తిన్నాక అది అరగంట చేతికి చిక్కితే చాలు, మరునాడు సార్‌కు చూపించాల్సిన అభ్యాసం మొత్తం నోట్‌బుక్‌లోకి ఎక్కుతుంది. అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, జవాబులు సరిగ్గా ఉంటాయి, సార్ టిక్కు పెడతారు. మార్చిలో పరీక్ష హాలులోకి ఫోన్ రానివ్వరు గనుక అసలు విషయం అక్కడ బయటపడుతుంది. అప్పటికి దిద్దుకోవడానికి సమయం మిగలదు.

ఈ వ్యాసం తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, ఎనిమిది నుంచి పది వరకు చదివే పిల్లలకు ఉద్దేశించినది. యాప్ వాడటం మోసమా కాదా అన్న ప్రశ్నకు నేను నమ్మే కొలమానం ఒక్కటే: ఫోన్ పక్కన పెట్టిన తరువాత అదే రకం లెక్కను పిల్లవాడు సొంతంగా చేయగలిగితే అతడు సాయం తీసుకున్నట్టు, చేయలేకపోతే చూసి రాసినట్టు. కింద చెప్పేవన్నీ ఆ కొలమానాన్ని ఇంట్లోనూ బడిలోనూ రోజువారీ అలవాటుగా మార్చుకునే పద్ధతులు.

ముందుగా ఏ యాప్ ఏం చేస్తుందో తెలుసుకోండి

పెద్దవాళ్లు వీటన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు, కానీ వీటి పనితీరు వేరువేరు. ఫొటోమ్యాత్ అనేది 2014లో క్రొయేషియాలో పుట్టి, తరువాత గూగుల్ చేతికి వచ్చిన యాప్. ఇది ఫొటోలోని అంకెలను, గుర్తులను చదివి, వాటిని సమీకరణంగా మార్చుకొని, గణిత నియమాల ప్రకారం మెట్టు మెట్టుగా సాధిస్తుంది. సమీకరణాన్ని సరిగ్గా చదివితే దాని జవాబు తప్పడం అరుదు. బ్రెయిన్లీ పోలండ్‌లో 2009లో మొదలైంది. అందులో ఒకరు అడిగిన ప్రశ్నకు ఇతర సభ్యులు రాసిన జవాబులు పోగుపడి ఉంటాయి కాబట్టి, మంచి జవాబూ తప్పు జవాబూ పక్కపక్కనే కనిపించవచ్చు. మన దేశంలో వచ్చిన డౌట్‌నట్ ఫొటో తీసిన ప్రశ్నకు దగ్గరగా ఉన్న వీడియోను వెతికి చూపిస్తుంది. గూగుల్ లెన్స్ దాదాపు ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లో ముందే ఉంటుంది, కాబట్టి ఏ యాప్‌నూ వేయనివ్వలేదని తల్లిదండ్రులు నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు.

2022 నవంబరులో వచ్చిన చాట్‌జీపీటీ, దాని తరువాత వచ్చిన జెమిని వంటివి మరో జాతికి చెందినవి. ఇవి ఒక మాట తరువాత ఏ మాట వచ్చే అవకాశం ఉందో లెక్కగట్టి వాక్యాలు పేర్చే యంత్రాలు. వ్యాసం, లేఖ, ప్రాజెక్టు నివేదిక, సాంఘికశాస్త్రం ప్రశ్న, ఏది అడిగినా రాసిపెడతాయి. తెలియని చోట కూడా తెలిసినట్టే ధీమాగా రాస్తాయి. పిల్లవాడికి ఆ ధీమాయే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే తప్పును పట్టుకునేంత చదువు అతడికి ఇంకా రాలేదు. చాట్‌జీపీటీ నిబంధనల ప్రకారం పదమూడేళ్లు నిండనివారు దాన్ని వాడకూడదు, పద్దెనిమిది నిండనివారికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఈ సంగతి తెలిసిన ఇళ్లు చాలా తక్కువ.

నోట్‌బుక్ ముందు, ఫోన్ తరువాత

ఇంట్లో పెట్టుకోవాల్సిన నియమం ఒక వరుసకు సంబంధించినది. మొదట ఫోన్ లేకుండా లెక్క మొదలుపెట్టాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ నోట్‌బుక్‌లో ఎర్ర పెన్నుతో ఒక గీత గీయాలి. ఆ తరువాతే ఫోన్ తెరిచి, గీత గీసిన మెట్టు ఒక్కటే చూడాలి. చూశాక ఫోన్ మూసి, లెక్కను మొదటి నుంచి చివరి దాకా మరో పేజీలో మళ్లీ చేయాలి. ఈ నాలుగు పనుల్లో రెండోది అన్నిటికన్నా ముఖ్యం. పిల్లలు అన్నిటికన్నా తేలికగా వదిలేసేదీ అదే.

ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణతో చూపిస్తాను. పదో తరగతి వర్గ సమీకరణాల పాఠం తీసుకుందాం. 2ఎక్స్² − 7ఎక్స్ + 3 = 0 అన్న సమీకరణాన్ని వర్గాన్ని పూర్తిచేసే పద్ధతిలో సాధించమన్నారనుకోండి. పిల్లవాడు అంతటినీ 2తో భాగిస్తాడు, 3/2ను కుడివైపుకు పంపి మైనస్ చేస్తాడు. మధ్య గుణకం 7/2లో సగం 7/4 అని, దాని వర్గం 49/16 అని రాసి, రెండు వైపులా కలుపుతాడు. ఎడమవైపు (ఎక్స్ − 7/4)² తయారవుతుంది. కుడివైపు 49/16 − 3/2 దగ్గర చాలామంది చేయి ఆగుతుంది. అక్కడ 3/2ను 24/16గా మార్చుకుంటే 25/16 వస్తుంది, దాని వర్గమూలం 5/4, అప్పుడు మూలాలు 3, 1/2 అని తేలిపోతాయి. ఆగిన చోట ఉన్నది పదో తరగతి పాఠం కాదని గమనించండి. హారాలు వేరైన భిన్నాలను తీసివేయడం కింది తరగతుల్లో నేర్వాల్సిన పని. అక్కడ ఎర్ర గీత పడితే ఆ పిల్లవాడికి ఏం చెప్పాలో సార్‌కు తెలుస్తుంది. గీత లేకుండా మొత్తం లెక్క ఫోన్ నుంచి దిగితే, భిన్నాలు రాని సంగతి ఆ చక్కటి పేజీ కింద దాగిపోతుంది, మరుసటి పాఠంలో మళ్లీ అక్కడే కాలు జారుతుంది.

ఇదే లెక్కలో జవాబును పరీక్షించే పనిని కూడా నేర్పాలి. ఫొటో మసకగా ఉండి యాప్ మైనస్‌ను ప్లస్‌గా చదివిందనుకుంటే, మూలాలు −3, −1/2 అని వస్తాయి. చూడటానికి అవీ జవాబుల్లాగే ఉంటాయి. వచ్చిన విలువను నోట్‌బుక్‌లోని సమీకరణంలో ప్రతిక్షేపించి చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది: 3 పెడితే 18 − 21 + 3, అంటే సున్నా, −3 పెడితే 18 + 21 + 3, అంటే 42. యాప్ ఇచ్చిన ఏ జవాబునైనా ప్రతిక్షేపించి చూడకుండా రాయకూడదన్నది పిల్లలు తమకు తాము పెట్టుకోవాల్సిన కట్టుబాటు. మరొక చిక్కు పద్ధతిది. ప్రశ్న వర్గాన్ని పూర్తిచేయమని అడిగితే, యాప్ తెరపై ముందుగా కనిపించేది కారణాంక పద్ధతో సూత్ర పద్ధతో కావచ్చు. మూలాలు సరిపోయినా అడిగిన పద్ధతిలో చేయనందుకు మార్కులు పోతాయి.

చాట్‌జీపీటీ, జెమిని వాడే పిల్లలు ప్రశ్నను యథాతథంగా పంపడం మానుకొని, తాము చేసినంత వరకు టైపు చేసి, దాని కింద ఈ వాక్యం రాయాలి: ‘జవాబు చెప్పొద్దు. నేను ఎక్కడ తప్పు చేశానో ఆ మెట్టు మాత్రం చూపించు, తరువాత ఏం చేయాలో నన్నే అడుగు.’ 2025లో చాట్‌జీపీటీలో స్టడీ మోడ్, జెమినిలో గైడెడ్ లెర్నింగ్ అన్నవి వచ్చాయి. వాటిని ఎంచుకుంటే యంత్రం నేరుగా జవాబు ఇవ్వడానికి బదులు ప్రశ్నలు వేస్తూ నడిపిస్తుంది. అయితే పిల్లవాడు ఒక్క నొక్కుతో దాన్ని ఆపేయగలడు. కాబట్టి వారానికి ఒకసారి పాత సంభాషణల జాబితాను పక్కన కూర్చొని, పిల్లవాడికి చెప్పే చూడండి. చాటుగా చూస్తే వాడు జాబితాను చెరిపేయడం నేర్చుకుంటాడు.

మన లెక్క యాప్‌కు తెలియని చోట

పిల్లలకు యాప్ మీదున్న గుడ్డి నమ్మకం సడలాలంటే ఊరి లెక్క ఒకటి ఇచ్చి చూడండి. మన దగ్గర పాసుపుస్తకంలోనైనా మాటలోనైనా 2.20 ఎకరాలు అంటే రెండు ఎకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. కాబట్టి ఆ భూమి వంద గుంటలు, అంటే 12,100 చదరపు గజాలు. ‘2.20 ఎకరాల చెలక ఎన్ని చదరపు గజాలు’ అని ఫొటో తీసి పంపితే, యాప్ దాన్ని దశాంశంగా తీసుకొని, ఎకరానికి 4,840 గజాల చొప్పున 10,648 అని చెప్పే అవకాశమే ఎక్కువ. తేడా 1,452 గజాలు, సరిగ్గా పన్నెండు గుంటలు. కందులో పత్తో వేసుకునే రైతు బిడ్డకు పన్నెండు గుంటలంటే ఎంతో వివరించి చెప్పనక్కర్లేదు. ఈ ఒక్క లెక్కను తరగతిలో అందరి ముందు చేసి చూపిస్తే, యంత్రం తప్పు లెక్క చేయలేదు గాని మన అంకెను తప్పుగా అర్థం చేసుకుందన్న తేడా పిల్లలు తమంతట తామే గుర్తిస్తారు. ప్రశ్నను అర్థం చేసుకోవాల్సింది ఎప్పుడూ తామేనని ఆ తరువాత చెబితే చెవికెక్కుతుంది.

చేతిరాత తెలుగు ప్రశ్నల్లో ఒత్తులు, గుణింతాలు యాప్‌ను తికమక పెడతాయి కాబట్టి అచ్చు పుస్తకంలోని ప్రశ్ననే ఫొటో తీయాలి. పిల్లల పేరు, బడి పేరు ఉన్న పేజీని ఫొటో తీయకూడదు.

ప్రశ్నే అర్థం కాని పిల్లలు

2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిషు మీడియం వచ్చింది. దానితో పాటే ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషు ఉన్న పుస్తకాలూ వచ్చాయి. అప్పటి నుంచి కొందరు పిల్లలు ఫోన్ తీయడానికి కారణం బద్ధకం కాదు. లెక్క చేయడం వచ్చు, ప్రశ్నలో ఏం అడిగారో తెలియదు. వాళ్లను చూసి రాసేవాళ్లతో కలిపి మందలించడం అన్యాయమని నా అభిప్రాయం. వాళ్లకు చెప్పాల్సింది ఏమిటంటే, మొదట పుస్తకంలోని తెలుగు పేజీ చూడాలి, ప్రశ్న పుస్తకంలో లేనిదైతే గూగుల్ లెన్స్‌లో అనువాదం నొక్కి ప్రశ్నను మాత్రం తెలుగులో చదువుకోవాలి, ఆ తరువాత ఫోన్ పక్కన పెట్టి లెక్క చేయాలి. లెన్స్ అనువాదంలో గణిత పదాలు కొన్నిసార్లు పుస్తకంలో లేని మాటల్లో వస్తాయి గనుక, కొత్త పదం కనిపిస్తే సార్‌ను అడిగి నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోవడం మంచిది. ఈ వాడకం నాకు పూర్తిగా న్యాయమైనదిగానే తోస్తుంది.

చదువుకోని తల్లిదండ్రులు ఏం చేయవచ్చు

‘మాకు అక్షరం ముక్క రాదు, వాడు ఏం రాస్తున్నాడో మాకేం తెలుసు సార్’ అని చాలామంది అంటారు. వర్గ సమీకరణం తెలియకపోయినా చూసిరాతను పట్టుకోవచ్చు. రాత్రి హోంవర్క్ అయ్యాక ఫోన్ మీ చేతిలోకి తీసుకొని, నోట్‌బుక్‌లో ఏదో ఒక లెక్క మీద వేలు పెట్టి, ‘గిది ఎట్ల వచ్చిందో చెప్పు బిడ్డా’ అని అడగండి. చేసినవాడు తడబడుతూనైనా ఏదో ఒకటి వివరిస్తాడు, మధ్యలో తనే తప్పు గుర్తించి నాలుక కరుచుకుంటాడు. చూసి రాసినవాడు మొదటి వరుస చదివి ఆగిపోతాడు, లేదా ‘నీకు సమజ్ గాదు’ అని తప్పించుకుంటాడు. ఆ మాటకు వెనక్కి తగ్గకండి. సమజ్ గాకున్నా వింటానని కూర్చోండి. వివరించేటప్పుడు అతడికే చాలా సంగతులు స్పష్టమవుతాయి.

పేజీని చూసి కూడా కొంత తెలుస్తుంది. సొంతంగా చేసిన పేజీలో కొట్టివేతలు ఉంటాయి, పక్కన చిన్న అక్షరాలతో గుణకారాలు ఉంటాయి. ఒక్క కొట్టివేత లేకుండా పది లెక్కలు వరుసగా ఉంటే అడిగి తెలుసుకోవాలి. అంతమాత్రాన దొంగను పట్టినట్టు మాట్లాడకూడదు, ఎందుకంటే రఫ్ నోట్‌బుక్‌లో చేసి శుభ్రంగా ఎక్కించే పిల్లలూ ఉంటారు. వాళ్లు అడగ్గానే ఆ రఫ్ తెచ్చి చూపిస్తారు. కొట్టివేతలు ఉన్న నోట్‌బుక్‌ను ఉపాధ్యాయులు కూడా తిట్టకుండా ఉండాలి. నీటుగా ఉన్నదానికే మెచ్చుకోలు దక్కితే పిల్లలు ఫోన్ వైపే వెళతారు.

ఫోన్‌లో చేయగలిగిన కట్టుబాట్లు కొన్ని ఉన్నాయి. డిజిటల్ వెల్‌బీయింగ్‌లో ఏ యాప్‌కు రోజుకు ఎంతసేపో సమయం పెట్టవచ్చు, ఫ్యామిలీ లింక్‌తో పిల్లల ఖాతాను తల్లిదండ్రుల ఫోన్ నుంచి చూసుకోవచ్చు. ఇవి పనికొస్తాయి గాని వీటి మీదే ఆధారపడితే నిలవవు. పక్కింట్లో ఇంకో ఫోన్ ఉంటుంది.

ఉపాధ్యాయులకు

పాఠ్యపుస్తకంలోని అభ్యాసాన్ని యథాతథంగా హోంవర్క్‌గా ఇచ్చి, మరునాడు టిక్కు పెట్టి పంపే పద్ధతి ఇక చెల్లదు. మన సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) విధానంలో దీనికి మందు ముందే ఉంది. పదో తరగతికి 2014-15లో అమలులోకి వచ్చినప్పటి నుంచి నిర్మాణాత్మక మూల్యాంకనంలో పిల్లల భాగస్వామ్యం - ప్రతిస్పందనలు, రాత అంశాలు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష (స్లిప్ టెస్టు) అని నాలుగు భాగాలున్నాయి. రాత అంశాలు సొంత మాటల్లో ఉండాలని, గైడు చూసి దించకూడదని అప్పుడే చెప్పారు. యాప్ వచ్చాక గైడు అవసరం తీరిపోయింది గాని నియమం మారలేదు.

లఘు పరీక్షను హోంవర్క్‌కు ముడిపెట్టడం అన్నిటికన్నా తేలికైన పని. నిన్న ఇచ్చిన లెక్కలో అంకెలు మార్చి, పీరియడ్ మొదటి ఐదు నిమిషాల్లో ఒకే ఒక లెక్క బోర్డు మీద రాయండి. హోంవర్క్‌కు మార్కులు వేయకండి, ఈ లెక్కకు వేయండి. ఇంట్లో ఎలా చేశారన్నది అప్పుడు పిల్లల బాధ్యత అవుతుంది. అరవై మంది ఉన్న తరగతిలో అందరివీ దిద్దలేకపోతే రోజుకో వరుస తీసుకోండి. ఏ వరుస అన్నది ముందు చెప్పకండి.

ప్రాజెక్టు పనుల సంగతి ఇంకా ఆలోచించాల్సినది. ‘నీటి కాలుష్యం గురించి నివేదిక రాయండి’ అంటే చాట్‌జీపీటీ నిమిషంలో నాలుగు పేజీలు ఇస్తుంది. మర్రిగూడ, నాంపల్లి వైపు బడుల్లో ఫ్లోరైడ్ గురించి అడగవచ్చు, కానీ ప్రశ్న వేసే తీరు మారాలి. పటిక, సున్నం వాడి నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ పద్ధతి ఎలా పనిచేస్తుందో యంత్రం రాసిపెడుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండటం మంచిదని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారని కూడా చెబుతుంది. మీ తాత చిన్నప్పుడు ఏ బావి నీళ్లు తాగాడు, ఆ బావి ఇప్పుడు ఉందా, ఇంట్లో ఎవరి పళ్ల మీద మచ్చలున్నాయి, మోకాళ్ల నొప్పి ఏ వయసులో మొదలైందని చెప్పారు, ఇప్పుడు ఏ నీళ్లు వాడుతున్నారు అని అడిగితే యంత్రం దగ్గర జవాబు ఉండదు. ఆ జవాబుల కోసం పిల్లవాడు తాత పక్కన కూర్చోవాల్సిందే. ఈ రెండింటినీ కలిపి ఇవ్వండి: మొదటి భాగాన్ని యాప్ సాయంతో రాసుకోనివ్వండి, మార్కులు మాత్రం రెండో భాగానికి వేయండి.

భౌతికశాస్త్రంలో కాంతి పాఠానికి నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కందూరు చోడుల కాలపు ఆ గుడిలో పగలంతా లింగం మీద స్తంభం లాంటి నీడ నిలిచి ఉంటుంది. ఆలయ చరిత్ర రాయమని అడగవద్దు. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నిలబడి చూసి, ఎండ ఏ వైపు నుంచి వస్తోంది, స్తంభాలు ఎక్కడెక్కడ ఉన్నాయి, నీడ అంచు పదునుగా ఉందా పలచగా ఉందా అన్నవి గమనించి పటం గీయమనండి. సూర్యుడు కదులుతున్నా నీడ ఎందుకు నిలిచిందో సొంత ఊహ రాయమనండి. ఊహ తప్పయినా ఫరవాలేదని ముందే చెప్పండి. పాలమూరు వైపు బడులు దగ్గర్లోని చెరువు కట్టనో, మన్యంకొండ గుట్టనో తీసుకొని ఎత్తులు, దూరాల లెక్కలు ఇదే తీరుగా చేయించవచ్చు: కోణమానినికి దారం కట్టి కోణం కొలిచేది పిల్లలే అయినప్పుడు, యాప్ చేసేది చివరి గుణకారం ఒక్కటే.

వీటితో పాటు సంవత్సరం మొదట్లోనే ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు అన్నది పిల్లలతో మాట్లాడి నోట్‌బుక్ మొదటి పేజీలో రాయించండి. యాప్ చూసిన లెక్క పక్కన ‘ఫోన్ చూశాను’ అని రాస్తే శిక్ష ఉండదని, రాయకుండా దాచితేనే తప్పని చెప్పండి. చెప్పిన మాట మీద నిలబడండి. ఒక్కసారి నిజం రాసినవాణ్ణి తరగతిలో నిలబెట్టి అవమానిస్తే ఆ రోజుతో మిగతా అందరూ రాయడం మానేస్తారు.

చూసి రాశాడని తెలిసిన రోజు

ఫోన్ లాక్కోవడం, కొట్టడం, నెల రోజులు ఇవ్వనని ఒట్టు పెట్టడం మన ఇళ్లలో మామూలుగా జరిగేవి. వీటివల్ల చూసిరాత ఆగదు, స్నేహితుడి ఇంటికి మారుతుంది. దానికి బదులు ఆ లెక్కలో ఏ మెట్టు రాలేదో కనుక్కోండి. అది పైన చూసినట్టు భిన్నాల దగ్గరో, రుణ సంఖ్యల దగ్గరో తేలుతుంది. కింది తరగతి పుస్తకం తెప్పించి ఆ పాఠంలోని లెక్కలు వారం పాటు చేయించండి. పదో తరగతి పిల్లవాడికి ఏడో తరగతి పుస్తకం పట్టుకోవడం నామోషీగా ఉంటుంది, కాబట్టి నలుగురి ముందు ఇవ్వకండి. ఆ వారం హోంవర్క్ తగ్గించమని సార్‌ను అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. కారణం లెక్క రాకపోవడం కాకుండా పొలం పనో, చెల్లెలిని చూసుకునే పనో అయితే, దాన్ని బడిలో చెప్పడానికి పిల్లవాడు సిగ్గుపడుతుంటాడు. తల్లే వెళ్లి చెప్పాలి.

ముంబై, పుణె పనులకు వలస వెళ్లి పిల్లలను అవ్వతాతల దగ్గర వదిలిన పాలమూరు తల్లిదండ్రులకు ఈ పని మరీ కష్టం. ఫోన్ తీసేస్తే మాట్లాడుకునే దారే పోతుంది, ఉంచితే చూసిరాత భయం. వాళ్లు రాత్రి వీడియో కాల్‌లో అన్నం తిన్నావా అని అడిగిన తరువాత ఆ రోజు నోట్‌బుక్ కెమెరాకు చూపించమని అడగాలి. ఎర్ర గీత ఉన్న లెక్క ఏదో చూసి దాన్ని వివరించమనాలి. గీతే లేకపోతే తామే ఒక లెక్క ఎంచుకొని అడగాలి. మాట్లాడినంతసేపూ ఫోన్ కాల్‌లోనే ఉంటుంది కాబట్టి నోట్‌బుక్‌ను ఎదురుగా పెట్టి, పిల్లవాడి చేయి, పేజీ రెండూ కనబడేలా ఫోన్‌ను గోడకు ఆనించి ఒక కొత్త లెక్క చేయమనవచ్చు. పది నిమిషాలు చాలు. రోజూ కుదరకపోతే వారంలో రెండు రోజులు ఖాయం చేసుకొని, ఆ రోజులు ఏవో బడిలో లెక్కల సార్‌కు కూడా ఫోన్ చేసి చెప్పి ఉంచాలి.